సగం గుమ్మి

బొంగు అమ్రాబాద్ నుంచి డీసీఎంల వచ్చింది,
ఇరవై నాలుగు. అందుల రెండు పురుగు తిన్నయి.
ధర కుదిరినంక అడిగిండు గౌసొద్దీన్ సారు:
"గుమ్మిని నిలువుగ సగమే అల్లుతవా, బాలనర్సవ్వా?"

ముప్పయ్యేండ్ల సంది అల్లుతున్న.
వడ్లకు అల్లిన, జొన్నలకు అల్లిన,
కోళ్లను కమ్మనీకె అల్లిన.
సగం గుమ్మి ఎవ్వరడగలే.
అండ్ల ఏం పోస్తవు సారూ,
పోసింది పోసినట్టే కారిపోదా?

ఆయన బదులియ్యలే. అర్ర నడిమిట్ల నిలవడి
ఒక్క చప్పట కొట్టిండు.
టర్ర్ ర్ ర్ ర్
కాళ్లు కట్టేసిన కోడి రెక్కలు కొట్టుకున్నట్టు.
ఈ గోడ అన్నది ఆ గోడ అంటది,
ఆ గోడ అన్నది మళ్ల ఈ గోడ.
ఇద్దరు తోడికోడండ్లు, ఆఖరి మాట ఎవ్వరూ ఇడవరు.
గజంబద్ద వెట్టి గీసినట్టు కట్టిన అర్ర.
దేవరకొండల అంత సక్కటి గోడలు లెవ్వు,
అంత పనికిరాని గోడలూ లెవ్వు.

మొదటిది నాకు తెలిసిన తీరున నిలవెట్టిన.
గుమ్మంటె డొల్లే గద, డొల్ల మనదిక్కు ఉండాలె.
సారు టేపు ఏసిండు. శారదకథ ఆమె గొంతు
అర్రనంత ఇడిసిపెట్టి
కుర్చీకి జానెడు ఎడమకు కుప్పవడ్డది,
చాటల మెరిగెలు ఒక్కతాన చేరినట్టు.
అక్కడ తలపెడితె చెవు పగులుతది,
జర జరిగితె ఏం లేదు.

"బోర్లించు," అన్నడు.
బోర్లించిన. ఇప్పుడు గుమ్మి ఈపు మాదిక్కు.
బర్రె ఈపు మీద వాన వడ్డట్టు
చప్పుడు అటింత ఇటింత జారిపోవాలెనట.

అన్నీ ఒక్క కొలత అల్లుతనంటె వద్దన్నడు.
ఒక్కతీరుగుంటె అవన్నీ కూడబలుక్కొని
ఒక్క కూతే కూస్తయట.
అందుకే ఒకటి మూరెడు, ఒకటి మూడు జానలు,
ఒకటి ఏడు నెలల కడుపు,
దాని పక్కది అప్పుడే నెలతప్పింది.

ఎర్రమట్టి, పేడ, మూడు పూతలు మెత్తిన.
ఆరినంక తడితె బొమ్ముమని డప్పయ్యింది.
మిర్యాలగూడెం ఊక ఎనిమిది బస్తాలు
ఎనకనుంచి కూరితె గని నోరు మూసుకోలే.
వడ్లుండేతాన ఊక!
మా అత్త బతికుంటె ముంత ఇసిరేసు.

పద్నాలుగొద్దులకు సారు మళ్ల చప్పట కొట్టిండు.
ఒక్కటే.
చెయ్యికి చెయ్యి తగిలింది, ఇగ ఎటో పోయింది.
అట్లని అర్ర సచ్చిపోలే.
ఖిలా కింద గుండ్ల నడుమ మేకలను పిలిస్తె
ఏ గుండుకు తగిలిందో తెల్వదు,
పిలుపు అంతట ఉంటది చూడు, అట్ల.

మళ్ల ఆ టేపే.
కొండమల్లేపల్లి అంగడిల
ఆయన పడుచోడున్నప్పుడు పట్టిన కథ.
గొంతు దాని తాన అది నిలవడ్డది. అందె మోగింది.
అందె ఎనక బర్రెల బేరం.
బేరం ఎనక...
ఆగు సారూ. జర ఎనకకు తిప్పు.

చిట్.
కొద్దిసేపు ఏం లేదు.
చిట్. సర్ర్.

ఇరవై ఏడేండ్ల సంది ఇంటున్నడు,
కథ మొత్తం నోటికొస్తది ఆయనకు.
"ఏందది?" అని నన్నడుగుతుండు.
ఎవరో బొంగు చీలుస్తుండ్రు సారూ.
పచ్చిది. ఎండినదైతె ఇట్ల మొత్తుకోదు.
చీల్చేటోడు కొత్తోడు,
కణుపు కాడ కత్తి ఆపుతుండు.

కథల రాజు సచ్చిపోయిండు, రాణి మన్నువోసి తిట్టింది,
అంగడంత ఏడ్సింది. వాడు మాత్రం ఆపలే.
మేమిద్దరం రాజును ఇడిసిపెట్టి
కణుపులు లెక్కవెట్టుకుంట కూసున్నం.
ఏడోది కాడ టేపు అయిపోయింది.

పైసలల్ల మున్నూరు తక్కువిచ్చిండు,
పురుగు బొంగులకు కోసిండట.
అడుగుదామనే గడప కాడ నిలవడ్డ.
ఎనిమిదో కణుపు పగిలిందో లేదో
అదే మతిల తిరిగి
ఉత్తగనే బస్సెక్కిన.