గరాటు గొంతులో

నూనె మీద తేలే దేశం ఇది.
అయినా నా పాత సన్నీకి నాలుగు లీటర్లు పోసుకోవాలంటే
ఫహాహీల్‌లో సరైన గరాటు దొరకడానికి
మూడు శుక్రవారాలు పట్టింది.

మొదటిది బకాలాలో కొన్న ఎర్ర ప్లాస్టిక్‌ది.
ఆగస్టులో బానెట్ మీద మరిచిపోతే
మధ్యాహ్నానికి వాడిన తమలపాకైంది.
రెండోది, నీళ్ళ సీసాను నడుముకు కోసింది.
అది గరాటు కాదబ్బీ, అన్నాడు నరసింగప్ప,
అవసరం.
కోసిన అంచు నుంచి ఒక పేలిక లోపలికి జారిందేమోనని
ఆ రాత్రంతా నిద్రలో ఇంజను మూత విప్పుతూనే ఉన్నా.

మూడోది శుక్రవారం సంతలో.
పాత తాళాలు, ఒంటి చెప్పులు, ఎవరివో పెళ్ళి ఫోటో ఫ్రేములు పరిచిన
దుప్పటి మూలన బోర్లా పడుకోనుంది.
రేకుది. నోరు వెడల్పు, మెడ పొడుగు, కొంచెం వంకర.
ఆ వంకరే నాకు కావాల్సింది.
లోపలికి వేలు పెట్టి చూడు, అన్నాడు నరసింగప్ప.
నేను నోరు చూశాను, మెడ చూశాను,
ధర చూశాను.

బిల్డింగు వెనక ఇసుక స్థలం, తెల్లవారి ఐదు.
ఇంజను నులివెచ్చగా ఉన్నప్పుడే నట్టు విప్పితే
పాతది నల్లగా, మాటామంతీ లేకుండా డబ్బాలోకి దిగిపోతుంది.
కొత్తది మాత్రం గరాటులో నత్త.
చలికాలం గదా, చిక్కబడిందనుకున్నా.
ఎండాకాలమూ నత్తే.
కంపెనీ మార్చా. నత్తే.

రాయచోటిలో కిరసనాయిలు డిపో.
డీలరు లీటరు కొలిచి పోసి
ధార తెగకముందే గరాటు ఎత్తేసేవాడు.
ఉండప్పా, దిగనీ! అని అరిచేది మా అమ్మ, లైన్లో అందరూ వినేలా.
ఆ మిగిలిన చుక్కలన్నీ పొద్దుగూకేసరికి
ఆయన ఇంటి సీసా అయ్యేవి.
అందుకే నేను గరాటు ఎత్తను.
కారు పక్కన గొంతుకూర్చుని
ఆఖరి చుక్కకు కాపలా కాస్తా.
ఆ తర్వాత నీలం లుంగీ గుడ్డతో పైపైన ఒక తుడుపు,
బియ్యం సంచిలో చుట్టి డిక్కీలో పడేయడం.
శుభ్రమంటే నాకు అంతవరకే తెలుసు.

మార్చిలో తూజ్ లేచింది.
మూడు రోజులు ఆకాశం పసుపు కలిపిన మజ్జిగ.
అప్పుడొచ్చి అడిగాడు గుల్‌జమాన్, పెషావరు టాక్సీవాడు.
ఇవ్వబుద్ధి కాలేదు. ఇచ్చా.
ఒకరోజు రాలేదు, రెండోరోజూ రాలేదు.
సబ్బునీళ్ళతో కడిగేసి ఉంటాడు,
తడి పోకముందే ఇంకెవరికో ఇచ్చి ఉంటాడు.
అన్నం ముందు కూర్చుని కూడా ఇవే లెక్కలు.

మూడోరోజు తలుపు తట్టాడు.
ఉర్దూ పేపరు చుట్టి, పైన కవరు తొడిగి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చాడు.
డీజిల్లో ఒక రాత్రి నానేశా భాయ్, అన్నాడు హిందీలో,
పళ్ళ బ్రష్షుతో తోమా, బోర్లించి ఆరబెట్టా.
నీళ్ళు తగలనీలేదు.

విప్పి చూస్తే
గొంతులో ఇత్తడి జల్లెడ.
రూపాయి బిళ్ళంత.
వరండా లైటు దాంట్లోంచి సన్న చుక్కలై
నా అరచేతిలో పడింది.
మూడేళ్ళు. జల్లెడ ఉందని నాకు తెలీదు.

అడ్డం పడిందేందో చూస్తావా, అని ఫోను తీశాడు.
కాగితం మీద ఆరబోసిన బురద, ఇసుక,
ఇసుకను పట్టుకుని వదలని దారప్పోగులు.
నీలంవి.

ఆ శుక్రవారం నాలుగు లీటర్లు
నేను గొంతుకూర్చునేలోపే దిగిపోయాయి.
లే, ఇంకా ఏం చూస్తాండావు, అన్నాడు నరసింగప్ప.
ఉండబ్బీ, దిగనీ, అన్నా
దిగడానికి ఏమీ లేకపోయినా.

పేపరును పాత మడతల మీదే మళ్ళీ చుట్టా.
అందులో ఏం రాసుందో నాకు చదవను రాదు.
రబ్బరు బ్యాండు మాత్రం
రెండోది కూడా వేశా.