స్వర్ణ జల్లెడ

పగలంతా గేట్లు, గ్రిల్సు,
రొయ్యల చెరువుల్లో తిరిగి తిరిగి విరిగిన ఏరేటర్ షాఫ్టులు.
బిల్లు పుస్తకం మీద ఇంకా నాన్న పేరే:
దైవాశీర్వాదం వెల్డింగ్ వర్క్స్, సఖినేటిపల్లి.
రాత్రి తొమ్మిది దాటి
వీధిలో టీవీలు ఆగి, ఓల్టేజీ నిలబడ్డాక
అప్పుడు నాది.

నీటికాకి.
మునిగి లేచి, తాటిమొద్దు ఎక్కి
రెక్కలు రెండూ ఆరేసుకున్న నీటికాకి.
మెడకి పడవ ఇంజను పైపు వంచాను.
కాళ్ళకి వరికోత మిషను పళ్ళు.
కంటికి బేరింగు గుండు, ఒక్కటే.
పక్కకి తిరిగిన పిట్టకి
ఎవరు చూసినా ఒక కన్నే కదా.

రెక్కలకే ఏడాది పట్టింది.
రేకు కోస్తే రేకులాగే ఉండేది.
మలికిపురంలో మూతపడ్డ రైసుమిల్లు
తూకానికి వేస్తుంటే దొరికింది జల్లెడ,
గింజంత గింజంత చిల్లులు, ఎన్ని వేలో.
"చిల్లుల బరువు తీసెయ్యవా" అన్నాను.
పాతసామాన్ల ఖాసిం నవ్వాడు:
"చిల్లులు ఊరికే ఇస్తున్నానమ్మా,
చుట్టూ ఉన్నదానికే డబ్బులు."

పల్చటి రేకు. కరెంటు కాస్త పెరిగితే
అతకాల్సిన చోట ఇంకో చిల్లు.
అలా నావి పదిహేడు. అవీ ఉన్నాయి అందులో.

రాత్రి రుద్దిన చోట
పొద్దుటికి ఎర్రగా పొడుచుకొచ్చేది తుప్పు.
సముద్రం ఆరు మైళ్ళే మరి.
"కొబ్బరినూనె రాయవే, తలకి రాయట్లేదూ" అంది అమ్మ.
రాశాను. పిట్ట వారం రోజులు
బడికెళ్ళే పిల్లలా వాసనేసింది.

దరఖాస్తులో మాధ్యమం అన్న గడిలో
మా బుల్లబ్బు 'తెలుగు' అని నింపేశాడు.
కొట్టేసి 'పాత ఇనుము' అని రాశాను.
ధర దగ్గర ఏమీ రాయలేదు.

రేవులో పంటు టిక్కెట్టు కొట్టే అతను
తోపుడుబండి మీద గోనెపట్టా ఎత్తి చూశాడు.
"సరుకా, మనిషా?"
"పిట్ట."
"పిట్టకి రేటు లేదు" అని
మోటారుసైకిలు టిక్కెట్టు చింపిచ్చాడు.
నడి గోదాట్లో గాలి చిల్లుల్లో దూరి
సన్నగా ఈలేసింది.
అది నేను చేసింది కాదు.

భీమవరం. కళ్యాణమండపం.
జిల్లా చిత్ర, శిల్ప ప్రదర్శన.
రంగుల బొమ్మలన్నీ స్టేజీ ముందు,
నాకు చేతులు కడుక్కునే కుళాయిల పక్కన.
"ఎన్ని కిలోలుంటదండీ?"
"కాకా, గద్దా?"
కుర్రాళ్ళు రెక్కల మధ్య నిలబడి ఫోటోలు దిగారు.
బహుమతులు తేల్చే పెద్దాయన కళ్ళజోడు తీసి,
"ఆలోచన ఉంది. ఫినిషింగే చాల్లేదు" అని
కాగితం మీద ఏదో గీసుకుని వెళ్ళిపోయారు.

నాలుగున్నరకి కరెంటు పోయింది.
ట్యూబులైట్లు ఆరగానే
పడమటి కిటికీలోంచి దూసుకొచ్చిన ఎండ
రెక్కలోంచి దూరి
గచ్చు మీద బియ్యం పోసింది.

కుర్చీలు సర్దుతున్న ముసలాయన ఆగాడు.
అడుగు వేయబోయి
చెప్పులు విప్పాడు.
వంగి, చిల్లుకి గోరు ఆనించి,
"ఇది స్వర్ణకండి. సన్నాలకి పనికిరాదు, జారిపోతాయి" అన్నాడు.
పేరు పెద్దింట్లు. ముప్పై ఏళ్ళు జల్లెడ దగ్గరే.
మిల్లు మూసేశాక ఇలా వచ్చాడట.
ఏ మిల్లని అడిగాను.
నేననుకున్నదే.

కుడిరెక్క అంచంతా వేలితో తడుముకుంటూ పోయాడు.
"ఓ నొక్కుండాలండి ఇక్కడ.
రాయి ఇరుక్కుంటే సుత్తితో కొట్టాను. తిట్టారు కూడాను."
మళ్ళీ మొదట్నించి తడిమాడు.
"ఆయ్, వేరేదేమోలెండి."

కార్తీకంలో, రెండు రాత్రులు కూర్చుని
ఆ నొక్కు చదును చేసింది నేనే.
చెప్పలేదు.

కరెంటొచ్చింది. బియ్యం లేవు.
చెప్పులేసుకుని మిగతా కుర్చీల కోసం వెళ్ళాడు.

ప్రశంసాపత్రంలో సువార్త బదులు సువర్త అని పడింది.
పంటు మీద అతను, "అమ్ముడవలేదా?" అని
మళ్ళీ మోటారుసైకిలు టిక్కెట్టే కొట్టాడు.

రాత్రి తొమ్మిది దాటాక
కోసి పారేసిన ముక్కల గోనె తిరగబోశాను.
నొక్కులున్నవి ఏరి
విడిగా పెడుతున్నాను.