చిటికెన వేలు

త్బిలిసిలో, దీదుబే మెట్రో మెట్ల కింద
నా కొట్టు ఒక అల్మారా అంత.
ఇటు మేజోళ్ళు అమ్మే ఆవిడ, అటు తాళంచెవులు కోసే ముసలాయన,
మధ్యలో నేను: పగిలిన అద్దాలు, ఉబ్బిన బ్యాటరీలు.

గులికో కంటే ముందు
ఆమె రొట్టెల వాసన వచ్చింది.
పాత ఫోను తీసి బల్ల మీద పెట్టింది.
చార్జింగ్ రంధ్రం నిండా పిండి.
గుండుసూదితో తవ్వితే
ఏడేళ్ళ గోధుమ రాలింది.

"అన్నీ కొత్తదాంట్లోకి రావాలి, లాషా.
ఒక్కటి తగ్గినా ఊరుకోను."

రెండింటినీ పక్కపక్కన పడుకోబెట్టాను.
కొత్తది పాతదాన్ని వెతుక్కుని
ఒక అంకె చూపించి, ఇదేనా అంది.
అదే అన్నాం ఇద్దరం.
ఇంకా యాభై రెండు నిమిషాలు, అంది.
కాసేపాగి, ఇంకా గంటా పది.
దాని నిమిషాలు దానివి.

ఆమె నా స్టూలు లాక్కుని కూర్చుంది.
ఒక్కో యాప్ బూడిదరంగులో వచ్చి మెల్లగా రంగు తేలుతోంటే
పొయ్యి గోడకంటిన రొట్టెను చూసినట్టు చూసింది.
బ్యాంకు. వాతావరణం. బస్సు ఎక్కడుందో చెప్పేది.
రంగు గోలీల ఆట.
"ఇది నాది కాదు," అంది.
"మూడొందల పన్నెండో మెట్టు మీద ఉన్నారు," అన్నాను.
దగ్గింది.

తర్వాత పద్దు.
వీధి వీధంతా అరువు తిన్న రొట్టెల లెక్క:
నాలుగో అంతస్తు నతేలా, పదకొండు లరీలు.
చెప్పులు కుట్టే జుంబేర్, ఆరు.
ఓతార్, నాలుగు రొట్టెలు, నిరుడు ఫిబ్రవరి.
"ఓతార్ పోయాడు కదా. చెరిపేయనా?"
"తిన్నాడని రాసి ఉంది," అంది. "ఉండనీ."

చిట్టచివర కొత్త ఫోను వేలు అడిగింది.
బొటనవేలు పెట్టింది. మళ్ళీ పెట్టమంది.
ఎత్తి పెట్టమంది, తుడిచి పెట్టమంది,
కాస్త పక్కకి జరపమంది.
చూపుడువేలు. ఎడమచేతిది. అదే పాట.

చెయ్యి పట్టుకుని దీపం కిందికి తిప్పాను.
ముప్పై ఏళ్ళుగా మంట మీదికి వంగి
బానలాంటి పొయ్యి లోపలి గోడకి పిండి చరిచిన వేళ్ళు,
సగం అరిగిన సబ్బుబిళ్ళలు.
గీత లేదు. సుడి లేదు.

రాత రానివాళ్ళు వేలిముద్ర వేసేవారట ఒకప్పుడు.
ఈమెకి ముప్పైమూడు అక్షరాలూ వచ్చు,
వేళ్ళే నిరక్షరాస్యులు.

"పాతదానికి నేనెవరో తెలుసు," అంది.
పాతదానికి వేళ్ళు చదివే కన్నే లేదు.
నాలుగు అంకెలు నొక్కితే
ఎవరికైనా తెరుచుకునేది.
ఆ మాట నేను అనలేదు.

ఆమె కాసేపు చేతులు చూసుకుంది.
తర్వాత, ఇంట్లో పనికిరాని పిల్లాణ్ణి
చుట్టాల ముందుకి తోసినట్టు,
కుడిచేతి చిటికెన వేలు ముందుకి చాపింది.
పిండి పిసికేటప్పుడూ, టీ గ్లాసు పట్టుకునేటప్పుడూ
అది ఎప్పుడూ గాల్లోనే ఉంటుందట.

పెట్టింది. తెరమీద ఒక గీత పచ్చబడింది.
మళ్ళీ పెట్టింది. ఇంకో గీత.
పన్నెండోసారికి బొమ్మ నిండింది,
తలుపు తెరుచుకుంది.
"ముప్పై ఏళ్ళు పని ఎగ్గొట్టావు," అంది వేలితో,
"ఇవాళ దొరికావు."

నా కూలి నాణేలతో సహా లెక్కపెట్టి ఇచ్చింది.
సంచిలోంచి పడవలాంటి రొట్టె ఒకటి తీసి బల్ల మీద పెట్టింది,
ఇంకా వెచ్చగానే ఉంది.
ఊరికే ఇచ్చిందనుకుని కొస విరిచి నోట్లో వేసుకున్నాను.

మెట్లెక్కబోతూ ఆగి
చిటికెన వేలితో ఫోను తెరిచింది.
నా పేరు దానికి కొత్త,
వేరే ఏదో మాటకి దిద్దబోయింది.
ఆమె చెరిపి మళ్ళీ కొట్టింది,
పైకి చదువుకుంటూ:

లాషా. రొట్టె ఒకటి. ఇవాళ.