మనిషి కనిపించడం లేదు

ఫొటోకి నూట యాభై ఫ్రాంకులు.
చేను అంచు నుంచి పది అడుగులు వెనక్కి వెయ్యాలి,
ఫోను గుండెకి ఎదురుగా, నిలువుగా పట్టాలి,
ఊపిరి బిగబట్టాలి.
ఎరుపూ తెలుపూ చారల కర్ర ఒకటి మొక్క పక్కన పాతితే
మిగతా లెక్క కెమెరాదే.

ఆ కర్ర నిన్న
మారాది నుంచి వచ్చే వ్యాను టాపు మీద
మేకల కాళ్ళ కింద పడి రెండు ముక్కలైంది.

కర్ర లేకపోతే మనిషిని నిలబెట్టమంది ఫోను.
మనిషి ఎత్తు ఎంత అని కూడా అడిగింది.

గిదాన్ తూదులో మొదటి సజ్జచేను దేలూది.
"అత్తా, నీ ఎత్తెంత?"
కలుపు తీస్తున్న పార ఆపి
వయసు అడిగినట్టు చూసింది.
"నన్నెవరు కొలిచారు, లవాలీ?
పెళ్ళికి బట్ట కొలిచారు. నన్ను కాదు.
కాన్పుకి వెళితే బరువు తూచారు.
అదీ బిడ్డదే."

దర్జీ సానూసీ దగ్గర టేపు అరువు తెచ్చాను.
గాదె మట్టిగోడకి ఆమెని ఆనించి
నెత్తి మీద కొడవలి చదునుగా పెట్టి
బొగ్గుతో గీత గీశాను.
నూట అరవై ఒకటి.
పక్కకి జరిగి
ఆ గీతని చాలాసేపు చూసింది,
అక్కడ ఇంకా ఎవరో నిలబడి ఉన్నట్టు.

ఆమె కొలతలు వేరు.
బెత్తెడుంటే ఎలుకల భయం.
జానెడైతే కలుపుతో పోరు.
మోకాలెత్తు వచ్చిందంటే అప్పులవాడు తనంత తానే పలకరిస్తాడు.
మేక మునిగితే పిల్లల్ని కాపలా పెట్టాలి.
చేను పొట్ట మీదుందంటే
ఆ గట్టున ఎవరూ గట్టిగా అరవకూడదు.

"పోయినేడు చీలమండ దాటలేదు," అంది,
"అప్పుడు ఎవరూ ఫోను పట్టుకుని రాలేదే?"
జవాబు లేక
ఈ అంకెలు నియామేలో ఎవరో చూస్తారని చెప్పాను.
చూసి?
ముందే తెలుసుకుంటారు.
ఏం తెలుసుకుంటారు?
కరువొస్తుందో, లేదో.
"అది మా కోళ్ళకి తెలుసు," అంది,
"అందరికంటే ముందు గింజ ఆగిపోయేది వాటికే."

మొదటిసారి నలభై రెండు సెంటీమీటర్లు.
పదిహేను రోజులాగి వెళితే గాలి.
ఆకులు ఊగుతుంటే
గాలికి లేచిన ఆమె తలగుడ్డ కొసని కంకి అనుకుని
చేను రెండు మీటర్లుందని రాసేసింది ఫోను.
చెరిపేస్తుంటే చూసి, "ఉండనీరా,
దానికేదో మంచి తోచింది," అంది.
మళ్ళీ తీశాను. ఎనభై ఎనిమిది.

మూడోసారి నూట ముప్ఫై.
"ఇంకా ఎంత?"
"నీ కళ్ళ దాకా జానెడు."

నాలుగోసారి వానలో వెళ్ళాను.
గోడ మీది బొగ్గుగీత సగం కారిపోయింది.
దాని కింద వంకరగా మూడు కొత్త గీతలు, మనవలవి.
మరీ కిందున్నది మేకదట.

ఆమె వరుసలోకి నడిచింది.
ఆకులు వెనకే మూసుకున్నాయి.
పది అడుగులు వెనక్కి వేసి, ఊపిరి బిగబట్టాను.
మనిషి కనిపించడం లేదు, అంది ఫోను.
"అత్తా, చెయ్యెత్తు!"
కంకుల మధ్య ఎక్కడో నవ్వు.
చెయ్యి మాత్రం లేవలేదు.
మనిషి కనిపించడం లేదు. మళ్ళీ ప్రయత్నించండి.
"దానికి చెప్పరా," ఆకుల్లోంచి గొంతు,
"ఇలా కనిపించకుండా పోవడానికే కదా ఇంత చాకిరీ!"

ఆ ఫొటోకి డబ్బు రాలేదు.
ఫోన్లో ఇంకా ఉంది.
అంతా సజ్జ,
పైన చారెడు ఆకాశం,
ఓ మూల అడ్డుపడ్డ నా వేలు.