కప్పుకి ఒక రంధ్రం

రియో మాయోలో గాలి పగలంతా పనిచేసి
రాత్రి డ్యూటీ కూడా తనే చేస్తుంది.
ఫెర్మిన్ అంకలావ్ షెడ్డు తలుపు
రెండు టైర్లు అడ్డం పెడితే తప్ప ఆగదు.

నేను కొన్న అయస్కాంతపు పీటని
లాండ్ రోవర్ నెత్తిన పెట్టి చెయ్యి తీశాడు.
అది జారి, పిల్లిలా, మళ్ళీ అతని చేతిలోకే వచ్చింది.
"డాక్టరమ్మా, ఇది అల్యూమినియం.
అయస్కాంతం దీని మొహం చూడదు.
చూసినా, గాలికి పోయే కంపని
నెత్తికెందుకు తగిలించుకోవడం?"

పదహారేళ్ళుగా ఈ బండే నా పళ్ళ ఆసుపత్రి.
వెనక మడత కుర్చీ, కాలితో తొక్కే డ్రిల్లు.
గొర్రెల మంద ఎక్కడుంటే అక్కడ ఆగుతాను.
ఒక ఎస్టాన్సియాకీ ఇంకోదానికీ మధ్య
నూట ఎనభై కిలోమీటర్లు ముళ్ళపొదలే.
ఆ దారిలో ఫోనుకి ఊపిరాడదు.
పోయిన జూన్ చలిలో ఇరుసు విరిగి
రెండు రాత్రులు స్పిరిటు దీపం ముందు కూచున్నాక
లైసెన్సు పరీక్షకి చదివాను.

అరచేతిలో ఇమిడే రేడియో చవక.
"దాని చూపు కొండ దాకానే.
మీకు కొండ అవతలి మనిషి కావాలి గదా?"
కావాలి. నలభై మీటర్ల తరంగం కావాలి,
ఆకాశానికి తగిలి తిరిగొచ్చి పడేది.
దానికి సరైన కడ్డీ పది మీటర్లు.
"పెట్టుకోండి. తెల్లారేసరికి గాలి మిమ్మల్ని
అట్లాంటిక్‌లో దింపుతుంది."

రెండున్నర మీటర్లకి కుదించి
మధ్యలో రాగితీగ చుట్ట పెట్టాం.
కుదించినందుకు చుట్ట తన వాటా తినేస్తుంది:
నూరు వాట్లు పోస్తే
పది బయటపడితే పండగ.
అడుగున స్ప్రింగు,
ఎస్టాన్సియా గేటు కమాను తగిలినప్పుడు
వంగి దణ్ణం పెట్టి మళ్ళీ నిలబడేందుకు.

కరెంటు బ్యాటరీ నుంచే లాగాడు.
సిగరెట్ లైటరు దగ్గర్నుంచి లాగమంటే నవ్వాడు:
"ఇరవై ఆంపియర్లు తాగేదానికి
ఆ గొంతు సందు చాలదు."
రెండు తీగలకీ ఫ్యూజులు.
తలుపులకీ బానెట్‌కీ పొగగొట్టానికీ రాగి జడలు వేసి
బండినంతా ఒకే ఒళ్ళు చేశాడు.
అయినా ఇంజన్ పెడితే చెవిలో జోరీగ.
ఆల్టర్నేటరు తీగకి నల్లటి ఉంగరాలు తొడిగాక
జోరీగ దోమైంది.
దోమతో కాపరం చెయ్యొచ్చన్నాను.

ఇక మిగిలింది రంధ్రం.
కప్పు నట్టనడుమ, బొటనవేలంత.
బంపరు మీదైతే ఇది అక్కర్లేదు గానీ
బండి ఒకవైపుకే మాట్లాడుతుందిట.
డ్రిల్లు నా చేతికిచ్చాడు.
"మీ బండి. మీ చెయ్యే పడాలి."

ఎన్ని దవడలు చూడలేదు ఈ చెయ్యి!
స్టూలెక్కి నిలబడితే
మోకాళ్ళలో ఎక్కడో చిన్న చప్పుడు.
"నొప్పుండదు" అన్నాడు కిందనుంచి,
అచ్చం నా గొంతుతో,
నేను అబద్ధమాడేటప్పటి గొంతుతో.

మీటరు ముల్లు ఒకటిన్నర దగ్గర ఆగింది.
పిలిచాను. గరగర. మళ్ళీ పిలిచాను.
లాగో బ్లాంకో నుంచి బౌదిలియో,
ఇసుక నములుతున్న గొంతు.
సిగ్నల్ ఎంతో చెప్పలేదు, మంచు పడిందో లేదో చెప్పలేదు.
"కింది దవడ, ఎడమ పక్క.
గురువారం దాకా లవంగం ఆపుతుందా?"

"ఆపుతుంది. ఉప్పునీళ్ళు పుక్కిలించు. ఓవర్."

బయట చినుకులు,
ఈ నేల మీద వేళ్ళతో లెక్కపెట్టుకునేవి.
ఒకటి కొత్త రంధ్రం అంచున దిగి
తుడిచి పెట్టిన పళ్ళెంలో టప్పున పడింది.
రబ్బరు వాషరు
ఇంకో సైజు పెద్దది కావాలి.