ఆరున్నొక్కటి

ఉమ్ అల్ కువైన్‌ల, పడవల గ్యారేజీ వెనక
టేకు చెక్కకు ఎనిమిది మిల్లీల బెజ్జం ఒకటి కొట్టి పెట్టుకున్న.
బంగారు పూత కనెక్టర్ దాంట్ల
గిన్నె మూతి పైకి పెట్టి బుద్ధిగా నిలబడుతది.
పట్టకారుతో పడితే వేడంతా పట్టకారే తాగుతదని
వర్కీ చేటన్ చెప్పిండు.
చెక్క ఏమీ అడగదు.

ముందు ట్యూబు తొడగాలె, తర్వాతే అతుకు.
ఎన్నిసార్లు మరిచిన!
అతుకంతా ముగిసినంక బల్ల మీద నల్ల ట్యూబు ముక్క
పెండ్లి అయిపోయినంక యాదికొచ్చిన చుట్టం లెక్క
నా దిక్కే చూస్తది.

వైరు నా చిటికెన వేలంత.
లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు, లెక్కకు అందవు.
మెలిపెట్టి, ఫ్లక్సు రాసి, సోల్డర్ తాగిస్త.
మరీ తాగిస్తే సిలికాన్ తొడుగు కిందికి పాకుతది,
వైరు కట్టె అయితది,
పడవ ఎగిరి దుంకినప్పుడు అక్కడనే పుటుక్కుమంటది.

గిన్నెల సగందాకా కరిగిన సోల్డర్.
పైనున్న ట్యూబులైటు మొత్తం ఆ చుక్కల పట్టింది.
పోగులు ముంచి, రాడ్ తీసి,
ఇగ కదలొద్దు.
నీటి మెరుపు పోయి వెండి మెరుపు వచ్చేదాకా కదలొద్దు.
ఈ పనిల కష్టమంతా
ఏమీ చేయని ఆ కొంచెంసేపే.

మొన్నటి పోటీల హుమైద్ పడవ
మూడో బోయ కాడ ఆగిపోయింది.
అప్పటిదాకా దాని వెనక నీటి తోక మనిషెత్తు,
మడ చెట్ల మీది కొంగలన్నీ లేచినయి.
ఉన్నట్టుండి తోక పడిపోయింది.
పదహారేండ్ల పిల్లడు, రిమోట్ నొక్కుతనే ఉన్నడు,
కరెంటు పోయిన ఇంట్ల స్విచ్ నొక్కినట్టు.

నడుముల్లోతు ఉప్పునీళ్లల్ల నేనే పోయి తెచ్చిన.
మూత తీస్తే మాడు వాసన.
వైరు దానంతటదే ఊడి ఉంది.
రెండు వందల ఆంపియర్లు ఉరికే తోవల
గిన్నె అడుగున బూడిద రంగు గరుకు,
పాకం ముదిరి పలుకు కట్టినట్టు.
చల్లారేటప్పుడు కదిలిన అతుకు.
నాదే. ఏ రాత్రి చేసిన్నో కూడా యాదికొచ్చింది.

బుధవారం. ఫోను టీ డబ్బాకు ఆనించి ఉంది.
అలేఖ్య ఊడిన పన్ను సంగతి చెప్తుంది:
ఇంటి మీదికి ఇసిరితే జారి కింద పడ్డదట,
పక్కింటి కోడి ముక్కున కరుచుకొని ఉరికిందట.
“ఇప్పుడు కోడికి పండ్లొస్తయా నాయినా?”
నవ్విన.
చెయ్యి నువ్వుగింజంత కదిలింది.
ట్యూబు తొడిగిన, గట్టిగ గుంజి చూసిన, రాలేదు.
ఆ అతుకు లోపల
నా నవ్వు గడ్డకట్టి ఉన్నదని నాకేమెరుక?

హుమైద్‌కు ఏం చెప్పాలె?
నా అరబీల నవ్వుకు మాట ఉంది, పంటికి ఉంది,
కోడికైతే రోజూ పనిపడ్తది.
మూడింటిని కలిపి చెప్పే అరబీ నాకు రాదు.
“తప్పు నాదే” అన్న.
అది ఈడికొచ్చిన మొదటి నెలలనే నేర్చుకున్న.
పిల్లడు తడిసిన నా ప్యాంటు దిక్కు చూసి
“రేపటికి అయితదా?” అన్నడు.

ఇప్పుడు ఫోను బోర్లా పెడత.
రాడ్ తీయంగనే “లెక్కపెట్టు బిడ్డా” అంట.
వాళ్లవ్వ వడ్లు కొలుస్తుంటే పక్కన కూసొని నేర్చిన లెక్క:
లాభం, రెండు, మూడు...
ఏడు అనొద్దట. ఏడుపు వస్తదట.
ఆరున్నొక్కటి అంటది.
బడిల టీచరు దిద్దిందట, ఇది దిద్దుకోలేదట.
మంచిదే.
ఏడు కంటె అది ఒక ఊపిరి పొడుగు,
ఆ ఊపిరిలనే ఎనిమిది మిల్లీల గిన్నె గట్టిపడుతది.

ఎనిమిది, అంటది.
నేను ఇంకా చెయ్యి తీయను.