నీవేనా

మైక్రోస్కోపు కింద చిట్టెలుక పిండం, పధ్నాలుగో రోజుది.
గులాబీ, ఊదా రంగుల్లో దాని నోరు.
అంగిలి ఇంకా లేదు.
నాలుకకి అటొకటి ఇటొకటి
రెండు రేకులు మాత్రం
దండెం మీది తడి గోతాల్లా వేలాడుతున్నాయి.

పదకొండింటికి క్లాసు.
'ముందు నాలుక దిగాలి, అప్పుడే రేకులు లేస్తాయి'
అని నోట్సులో రాసి
కాసేపు పెన్ను పక్కన పెట్టాను.

మన సంగడిగుంట సందులో
ఏ నాలుకా దిగలేదు గదమ్మా.
గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుందంట.
డాబా ఎక్కి చంద్రుణ్ణి చూసిందంట.
మనకి డాబా ఎక్కడిది?
రేకుల షెడ్డు, దాని కింద నువ్వు,
నీలో నేను.

కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసేదానివి.
మంచి కాయ ఒక కుప్ప, తాలు ఒక కుప్ప.
నన్ను ఏ కుప్పలో వేశారో నీకు తెలుసు.
పెద్ద చదువుల్లో అంగిలిని తాలువు అంటారని చెబితే
పడీపడీ నవ్వావు:
"అయితే తాలే గదంటే!"

పాలు ముక్కులోంచి వచ్చేవట.
దూదిపింజతో ఒక్కో చుక్క,
తెల్లారేదాకా ఒక్కో చుక్క.
ఊరందరికీ కారం నాలుక మీద మండుద్ది,
నాకు కళ్ళ వెనకాల మండేది.

బళ్ళో మొదటి రోజు పేరడిగింది టీచరు.
'ద' అనాలంటే గాలిని నోట్లో ఒక్క క్షణం బంధించాలి.
నా గాలికి పైకప్పు లేదు.
దీవెన అన్నాను.
నీవేనా అని వినపడింది.
"ఆఁ, నేనే. నువ్వెవరమ్మా?" అందావిడ.
క్లాసంతా నవ్వింది.
నేనూ నవ్వాను, ఎందుకో తెలీక.

ఆరో ఏట కుట్లు పడ్డాయి.
ఆ తర్వాత నువ్వు నా ముక్కు కింద
పగిలిన అద్దం ముక్క పట్టుకుని
మసక పట్టకుండా 'బ' అనమనేదానివి.
నీకు అక్షరమ్ముక్క రాదు. నాకు 'బ' రాదు.
వేసవంతా ఇద్దరం
బ, బ, బ.

స్లైడు మార్చాను. పదిహేనో రోజు.
రేకులు లేచి, వాలి, అంచూ అంచూ తాకాయి.
ఇందాకటిదాకా కణాలు చెప్పుకున్న మాటలు
గాజు మీద కనపడవు.
పైపొర అడుగుద్ది, లోపొర బదులు చెబుద్ది.
పెరగనా? పెరుగు.
ఆగనా? ఇంకొంచెం.
నీవేనా? నేనే.
తలుపు మీద వేలి చప్పుడంత ప్రోటీను.
ఏడో వారమో ఎనిమిదో వారమో, నాలో
ఒక చప్పుడు అవతలికి చేరలేదు.
అంతే. కత్తిపీటా లేదు, చంద్రుడూ లేడు.
ఎందుకు చేరలేదంటే, నిజంగా, నాకూ తెలీదు.
పుస్తకాల్లో బోలెడు కారణాలున్నాయి,
నాది ఏదో ఏ పేజీలోనూ రాసి లేదు.

తాకితే చాలదు పిల్లలూ,
మధ్యలో గీత కనపడుతోందా?
రెండు వైపుల కణాలూ చేతులు పట్టుకుని నిలబడ్డ చోటు.
ఆ గీత చెరిగిపోవాలి.
కొన్ని చచ్చిపోతాయి, కొన్ని తప్పుకుంటాయి.
కలిపినవాళ్ళు కనపడకుండా పోతేనే
కలిసినట్టు లెక్క.
ఏటా ఇక్కడికొచ్చేసరికి
నా గొంతు మళ్ళీ ముక్కులోకి జారుద్ది.
పిల్లలు జలుబనుకుంటారు.

వరండాలో ఒకామె,
ఆసుపత్రికని బయల్దేరి దారి తప్పి కాలేజీలోకొచ్చింది.
గోళ్ళ సందుల్లో ఎర్రటి మిరప పొడి.
ఒళ్ళో ఇరవై రోజుల గుడ్డు.
"గ్రహణమప్పుడు నేను నిద్రపోతన్నానమ్మా,
ఒట్టు, బయటికి రాలేదు"
నేనేమీ అడగకముందే చెప్పింది.

పేరు? ఇంకా పెట్టలేదంట.
బిడ్డ ఏడుస్తోంది.
ఆ ఏడుపులో గాలి ఎటు పోతోందో నాకు తెలుసు.
వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని
నీవేనా, అన్నాను.

పదకొండూ పది.
క్లాసులో నూట యాభై నాలుకలు
గోలగోలగా ఉండుంటాయి ఈపాటికి.
ఉండనీ.
ముందు ఈమెకి దారి చూపించి రావాలి.